పోయినవాళ్ల వస్తువులు, ఉన్నవాళ్ల సందేహాలు

పెద్దల అమావాస్య దగ్గరపడుతున్నందువల్ల కాబోలు, ఈసారి మా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. దూరమైన మనిషి చేతిలో మెలిగిన చిన్న వస్తువును ఎలా కాపాడుకోవాలి, ఎంతవరకు కాపాడుకోవాలి, అసలు ఉంచుకోవచ్చా అన్నవి ఆ ప్రశ్నలు. ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి వచ్చిన వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబిస్తున్నాం. పేర్లు వేయవద్దని పలువురు కోరినందున అందరి ఉత్తరాలకూ ఊరి పేరు మాత్రమే పెట్టి, ప్రశ్నలను కొంత కుదించాం.

ప్రశ్న (తాడిపత్రి): మా అవ్వ నడుముకు దోపుకొనే వక్కాకు తిత్తి నా దగ్గర ఉంది. లోపల ఎండిన తమలపాకు ముక్క, వక్క పలుకులు, చిన్న అడకత్తెర, సున్నం గట్టిపడిపోయిన ఇత్తడి సున్నపుకాయ ఉన్నాయి. తిత్తిని ఉతికి, సున్నపుకాయను చింతపండుతో తోమి అద్దాల బీరువాలో పెడదామని నా భార్య అంటోంది. నాకు మనసొప్పడం లేదు. ఎవరి మాట సరైనది?

జవాబు: మీ భార్య భయం న్యాయమైనదే, మీ అయిష్టమూ న్యాయమైనదే. అయితే ఆమె భయపడవలసిన వస్తువు వేరు, మీరు కాపాడవలసిన వస్తువు వేరు. ఎండిన ఆకు, వక్క పలుకులు పురుగులకు ఆహారం. అవి తిత్తిలోనే ఉంటే ఏదో ఒకనాటికి గుడ్డను కూడా తొలిచేస్తాయి కనుక వాటిని తీసి, బిగువైన మూత ఉన్న చిన్న గాజుసీసాలో విడిగా ఉంచండి. సున్నం సంగతి అలా కాదు. తడి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని సుద్దగా మారుతుంది కాబట్టి అది కుళ్లదు, దానికి పురుగు పట్టదు. చింతపండుతో తోమితే ఆ పులుపుకు సున్నం కరిగిపోవడమే కాక, ఏళ్ల తరబడి చేతిరాపిడికి ఇత్తడి మీద వచ్చిన నునుపు కూడా పోతుంది. మెరిసే సున్నపుకాయ ఏ పాత్రల అంగడిలోనైనా దొరుకుతుంది. మీ అవ్వ వేలు గీరిన గుంత ఉన్నది ఈ ఒక్కదానిలోనే. పచ్చని చిలుము కనిపిస్తే పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

తిత్తిని ఉతకవద్దు. ఆకువక్కల మరక ఉతికినా పోదు, పాత కుట్లు మాత్రం విడిపోతాయి. నీడలో ఒక పూట ఆరబెట్టి, గాలి చొరబడని కవరులో చుట్టి వారం పది రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే లోపల దాగిన పురుగులు, గుడ్లు చనిపోతాయి. బయటికి తీసిన తర్వాత ఒక రోజంతా కవరు విప్పకుండా ఉంచాలి, లేకుంటే చల్లని గుడ్డ మీద గాలిలోని తేమ చేరుతుంది. అడకత్తెరకు కొబ్బరినూనె రాయడం మన అలవాటే కాని, అది కొన్నాళ్లకు జిగటగా మారి కంపు కొడుతుంది. కుట్టుమిషనుకు వేసే నూనె ఒక చుక్క చాలు. ఇంత చేసిన తర్వాత అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి అభ్యంతరమేమీ లేదు, ఎండ తగలని చోటైతే సరి.

ప్రశ్న (ధర్మవరం): మా నాయన స్వయంగా మగ్గం మీద నేసి, పెండ్లికి మా అమ్మకు పెట్టిన పట్టుచీర ఇప్పుడు నా దగ్గరుంది. మడతల దగ్గర చీలుతోంది, జరీ నల్లబడింది. అమ్మ పోయిన కొత్తలో బీరువా తెరిస్తే ఆమె వాసన వచ్చేది, ఇప్పుడది తగ్గిపోతోంది. మా కూతురు దాన్ని కత్తిరించి తన బిడ్డకు పట్టుపావడ కుట్టిస్తానంటోంది. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: మీరు మూడు సంగతులను ఒకే చీరలో కలిపి అడిగారు, వాటిని విడదీస్తేనే దారి దొరుకుతుంది. మొదటిది బట్ట. పట్టుచీర ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంటే ఆ గీత వెంబడి దారాలు అలసి తెగుతాయి, జరీ ఉన్న చోట అది బరువైనది, గట్టిది కాబట్టి ముందుగా తెగుతాయి. మూడు నెలలకొకసారి విప్పి, పాత గీతలు తప్పించి మళ్లీ మడవాలని నేతగాళ్ల ఇంటి ఆడబిడ్డకు చెప్పడం మాకు కొంచెం సంకోచంగానే ఉంది, కాని చాలా ఇళ్లలో జరగనిది ఇదొక్కటే. ఇంకా మేలైన పద్ధతి మడవకుండా, శుభ్రమైన తెల్ల నూలుబట్ట పరచి, ఒక గుండ్రని కర్రకో అట్టగొట్టానికో చీరను చుట్టి ఉంచడం. ప్లాస్టిక్ కవరు తేమను లోపలే పట్టి ఉంచుతుంది కాబట్టి వాడవద్దు. గంజి పెట్టని పాత మల్లు పంచె ఇందుకు చక్కగా సరిపోతుంది. నాఫ్తలీన్ గోలీలు పట్టుకు, జరీకి తగలనివ్వకండి; ఎండిన వేపాకునో లవంగాలనో చిన్న గుడ్డమూటలో కట్టి బీరువా మూలన పెట్టండి. జరీ నల్లబడడానికి కారణం అందులోని వెండి గాలిలోని గంధకంతో కలవడం. దాన్ని తెల్లబరచే పొడులు, ద్రావణాలు పైనున్న పలుచని బంగారు పూతను కూడా ఎత్తుకుపోతాయి కనుక ఆ నలుపును అలాగే వదిలేయమనే మా సలహా.

రెండవది వాసన. చూపు, వినికిడి, స్పర్శల సంకేతాలు మెదడులో థాలమస్ అనే కేంద్రం మీదుగా మిగతా భాగాలకు చేరుతాయి. వాసన మాత్రం ఆ మజిలీ లేకుండానే భావోద్వేగాలకు, జ్ఞాపకాలకు సంబంధించిన భాగాలకు అందుతుంది. బీరువా తలుపు తీయగానే అమ్మ ఎదుట నిలిచినట్టు మీకు అనిపించడంలో వింత లేదు. అయితే వాసన అనేది గుడ్డ నుంచి గాలిలోకి పోయే పదార్థమే కాబట్టి తెరిచిన ప్రతిసారీ కొంత తరుగుతుంది, దాన్ని పూర్తిగా ఆపే ఉపాయం లేదు. పట్టుకేమో గాలి కావాలి, వాసనకేమో గాలి కూడదు. ఈ రెండింటినీ ఒకే వస్తువు మీద సాధించలేం. అమ్మ రోజూ కట్టుకొన్న నూలు జాకెట్టో, తల తుడుచుకొన్న తుండుగుడ్డో ఉతకనిది ఉంటే, అది పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు గట్టిమూత ఉన్న గాజుజాడీలో పెట్టి, అరుదుగా తెరవండి. చీరను ఆ బాధ్యత నుంచి తప్పించండి.

మూడవది కత్తెర. ఈ విషయంలో మాకు ఒక అభిప్రాయం ఉంది, దాన్ని దాచడం లేదు. మీ నాయన నేసింది కట్టుకోవడానికే తప్ప మూటగట్టడానికి కాదు. బట్టలో సత్తువ ఉంటే మనవరాలికి పావడ కుట్టించడం ఏ విధంగానూ అపచారం కాదు. కాని మీరు చెప్పినదాన్ని బట్టి బట్ట ఇప్పటికే అలసిపోయింది. అలసిన పట్టును కుట్టుమిషను సూది మరింత చీలుస్తుంది, పిల్ల రెండుసార్లు కట్టుకొనేసరికి పావడా మిగలదు, చీరా మిగలదు. ఒక మూల పట్టుకొని మెల్లగా లాగి చూడండి. దారాలు విడిపోతుంటే చీరను వదిలేసి, కొంగు నమూనా చూపించి అదే రంగుల్లో, అదే అంచుతో కొత్త పావడ మీ ఊళ్లోనే నేయించండి. మీ నాయన మగ్గం ఎరిగినవాళ్లు ఇంకా ఉండే ఉంటారు.

ప్రశ్న (రాజంపేట): 1992లో మా అమ్మ ఇంటిపనికి కువైట్ పోయింది. నాకప్పుడు ఏడేళ్లు, తమ్మునికి నాలుగు. జేజి దగ్గర పెరిగాం. ఊరికి వచ్చేవాళ్ల చేతికి అమ్మ క్యాసెట్ ఇచ్చి పంపేది. మేము, జేజి రెండో వైపు జవాబు చెప్పి అదే క్యాసెట్‌ను తిరిగి పంపేవాళ్లం. అమ్మ చనిపోయిన తర్వాత ట్రంకుపెట్టెలో అలాంటిది ఒకటి దొరికింది. ఎందుకో అది తిరిగి పోలేదు. ఇప్పుడు ఇంట్లో టేపురికార్డరు లేదు. ఎలా వినాలి? తమ్ముడేమో వినవద్దు, ఆ గొంతు వింటే తట్టుకోలేనని అంటున్నాడు.

జవాబు: ముందు వినే ఆత్రం ఆపుకొని ఒక పని చేయండి. క్యాసెట్ వెనుక అంచున రెండు చివర్లలో రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. వాటిని పుల్లతో విరిచేస్తే ఆ టేపు మీద ఎవరూ పొరపాటున కూడా కొత్తగా రికార్డు చేయలేరు. టేపురికార్డరులో ఒక మీట బదులు మరొకటి నొక్కి ఇంటిగొంతులను చెరిపేసుకొన్న కుటుంబాలు లేకపోలేదు.

ఆ తర్వాత టేపును కంటితో పరీక్షించాలి. చక్రం రంధ్రంలో పెన్సిలు దూర్చి మెల్లగా తిప్పితే చక్రాలు తిరగాలి; తెల్లని బూజు కనిపిస్తే నడపవద్దు. క్యాసెట్ ముందువైపు మధ్యలో ఉండే చిన్న ఫెల్టు ముక్క, టేపును యంత్రంలో మాట పలికించే భాగానికి ఆనించి పట్టేది, ఊడిపోయిందేమో చూడండి. అది లేకపోతే మాట లోతునుంచి వచ్చినట్టు మందంగా వినిపిస్తుంది. పెంకుకు మరలు ఉంటే విప్పి, లోపలి టేపు చుట్టలను వేరొక మంచి క్యాసెట్ పెంకులోకి మార్చవచ్చు. పాత టేపురికార్డర్లు బాగుచేసే మెకానిక్కులకు ఇది తెలిసిన పనే. ఎక్కడో దొరికిన పాత యంత్రంలో అసలు క్యాసెట్‌ను నేరుగా వేయకుండా, పనికిరాని పాటల క్యాసెట్ ఒకటి పూర్తిగా వాయించి, అది నలగకుండా బయటికి వచ్చిన తర్వాతే మీ క్యాసెట్ వేయండి. మాట పలికించే భాగాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో ముందే తుడవాలి. అరవై నిమిషాల క్యాసెట్ అయితే ఒక్కో వైపు అరగంట పడుతుంది. యంత్రం హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి తీగ వేసి కంప్యూటరులోకి ఎక్కించుకోవచ్చు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఇందుకు చాలు. కుదించిన ఎంపీత్రీగా కాక, ముందు వేవ్ ఫైలుగా భద్రపరచండి. గురగుర శబ్దాన్ని తొలగించే మీటలు చాలా ఉంటాయి, కాని అసలు ఫైలును ముట్టకుండా నకలు మీదనే ఆ ప్రయోగాలు చేయాలి. శబ్దంతో పాటు అమ్మ ఊపిరి తీసుకొన్న చప్పుడు, వెనుక గదిలో ఎవరో పిలిచిన పిలుపు కూడా కొట్టుకుపోయే ప్రమాదం ఉంది. ఫైలు చేతికొచ్చాక ఒకటి ఫోనులో, ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి తమ్ముని ఇంట్లో ఉంచండి. అసలు క్యాసెట్‌ను మాత్రం అటక మీద పెట్టకండి. మన ఎండలకు మిద్దె కింది అటక పొయ్యి అయిపోతుంది. కింది గదిలో, స్పీకర్లకు, అయస్కాంతాలకు దూరంగా ఉండనివ్వండి.

రాజంపేట, కోడూరు, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ పోయిన కుటుంబాల్లో, చదువు రాని పెద్దలకు ఈ క్యాసెట్లే ఉత్తరాలు. ఫోను మాట ఖరీదైన రోజులవి; మాట పదిలంగా పోవాలంటే వచ్చేవాళ్ల చేతిసంచే దారి. మీరు రాసినట్టు జవాబు కూడా అదే టేపు మీద తిరిగి పోయేది కనుక, ఈ ఇళ్లలో మిగిలినవి తక్కువ. పైగా 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్ష మందికి పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో తీసుకొచ్చారు; ప్రాణాలతో బయటపడినవాళ్లు సామాను మోసుకు రాలేదు. అంతకు ముందు ఇక్కడి నుంచి పోయిన జవాబుల్లో ఎన్ని అక్కడే నశించాయో ఊహించుకోవలసిందే. మీ అమ్మ కువైట్ పోయింది ఆ తర్వాతి విడతలో కాబట్టి మీకు ఈ ఒక్కటైనా దక్కింది.

ఇక తమ్ముని మాట. ఆయనను బలవంతపెట్టవద్దు, ఆయన కోసం మీరు వినడం మానుకోవద్దు. టేపు వయసు ముప్పై దాటింది. ఆయన సిద్ధపడేదాకా ఆగితే ఆయనకు వినడానికి ఏమీ మిగలకపోవచ్చు. ఫైలుగా మార్చడం వేరు, వినడం వేరు అని ఆయనకు చెప్పండి. మాకు తోచిన మరొక మాట: ముందు రెండో వైపు వినిపించి చూడండి. అందులో ఉన్నది జేజి గొంతు, నాలుగేళ్ల తన సొంత గొంతు. అమ్మ మాట్లాడిన వైపును తట్టుకోలేనివాడు, అమ్మతో తాను మాట్లాడిన వైపును తట్టుకోగలడేమో. మీరు మాత్రం రెండు వైపులా ఉన్న మాటలను విన్నవి విన్నట్టు, జేజి యాసతో సహా, ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. ఎవరి గురించి ఏం అడిగిందో, ఆ మనుషులెవరో మీ తరువాతివాళ్లకు మీరు తప్ప చెప్పేవారు లేరు.

ప్రశ్న (కర్నూలు): 2009 అక్టోబరు వరదలో పాతబస్తీలోని మా ఇల్లు మునిగింది. మా జేజినాయనది ఉన్న ఒకే ఒక్క ఫొటో తడిసి ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. అలాగే గోడకు తగిలించి బొట్టు పెడుతున్నాం. ఇప్పుడు అద్దం నుంచి ఊడదీసి కొత్త ఫ్రేము కట్టించాలనుకొంటున్నాం.

జవాబు: ఊడదీయవద్దు. తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊరిని ముంచెత్తిన ఆ రోజుల తర్వాత మీలాగే ఫొటోలు పోగొట్టుకొన్నవారు ఎందరో ఉన్నారు, ఉన్నదాన్ని కూడా తొందరలో పోగొట్టుకొన్నవారూ ఉన్నారు. పాత నలుపుతెలుపు ఫొటోలో బొమ్మ నిలిచేది కాగితం మీద కాదు, కాగితంపై ఉన్న జెలటిన్ అనే పలుచని జిగురు పొరలో. అది తడికి ఉబ్బి అద్దానికి పట్టుకొంది. పొడిగా లాగితే కాగితం మీ చేతికి వస్తుంది, ముఖం అద్దానికి మిగులుతుంది. మళ్లీ నానబెట్టి విడదీసే పద్ధతి ఉన్నా, అది నిపుణుల చేతిలోనే జరగాలి; చేత్తో రంగులద్దిన ఫొటో అయితే దానికీ పనికిరాదు.

మీకు కావలసింది అద్దంతో సహా మంచి నకలు. వెనుక అట్ట మాత్రం తీసేయండి, చెదలు మొదలయ్యేది అక్కడే. అద్దం మీది బొట్టు, అగరువత్తుల మసి తడిబట్టను గట్టిగా పిండి తుడిచి, ఫొటోగ్రాఫరు దగ్గర రెండు పక్కల నుంచి ఏటవాలుగా దీపాలు పడేలా, ఎదుట నల్లబట్ట అడ్డం పెట్టి తీయిస్తే అద్దంలో మెరుపు రాదు. ఆ నకలును బాగుచేయించే ముందు ఒక హెచ్చరిక. ఇప్పుడు ఫోను యాప్‌లు చెడిపోయిన ముఖాన్ని క్షణంలో స్పష్టంగా చేసి చూపిస్తున్నాయి. అయితే అవి లేని కన్నును, లేని పెదవిని తామే ఊహించి గీస్తాయి. మీ జేజినాయన ముఖం బదులు ఆయనను పోలిన ఎవరో గోడ మీదికి వస్తారు. ఆయనను చూసినవాళ్లు ఇంట్లో ఉండగానే వాళ్ల ఎదుట సరిచేయించండి, సరిచేయని నకలును కూడా దాచండి. గోడ మీద నకలు ఉండాలి, ఫొటోకూ అద్దానికీ మధ్య అట్టచట్రం సందు ఉండాలి, బొట్టు దానికే పెట్టాలి. అసలుది అద్దంతో పాటే, బొమ్మ పైకి ఉండేలా పరచి, బీరువాలో పెట్టండి. ఆయన ఉన్న పెండ్లి గుంపు ఫొటోలు బంధువుల ఇళ్లలో ఉన్నాయేమో కూడా వాకబు చేయండి.

ప్రశ్న (ప్రొద్దుటూరు): ప్రొద్దుటూరులో ఉంటూ బంగారం గురించి పత్రికను అడగడం నవ్వులాటే. మేము ఇద్దరం అక్కచెల్లెళ్లం. అమ్మవి ఏడు రాళ్ల కమ్మలు, ఒక సరుడు ఉన్నాయి. రెండూ కరిగించి సమానంగా రెండు గొలుసులు చేయిద్దామని అక్క అంటోంది. కాదంటే ఆశ అనుకొంటుందేమోనని భయంగా ఉంది.

జవాబు: అక్క కోరేది సమానత్వం, దానికి కరిగించడం ఒక్కటే మార్గం కాదు, పైగా నష్టపు మార్గం. కమ్మలు కరిగిస్తే రాళ్ల తూకం తీసేస్తారు, అతుకులకు వాడిన పాత పొడి కలిసిన చోట మేలిమి తగ్గుతుంది, కొత్త గొలుసులకు తరుగు, మజూరీ, వాటిపై పన్ను మళ్లీ మీరే కట్టాలి. హాల్‌మార్కు లేని పాత నగ ఇంట్లో ఉంచుకోకూడదన్న పుకారు ఒకటి తిరుగుతోంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరక్షరాల గుర్తింపు సంఖ్య తప్పనిసరి అయింది అంగళ్లవాళ్లు అమ్మే నగలకే కాని, మీ అమ్మ చెవులకున్నవాటికి కాదు.

రెండు వస్తువులకూ తూకం, మేలిమి కట్టించి విలువ కాగితం మీద రాయించండి. సరుడు ఒకరికి, కమ్మలు ఒకరికి పోయి, తేడాను డబ్బుగా సర్దుకోవచ్చు. సరుడు కరిగినా మాకు పెద్ద బాధ లేదు, అలాంటిది ఎవరి మెడలోనైనా ఉంటుంది. కమ్మలు మాత్రం అమ్మ ముఖంలో భాగం. ఎవరికన్న ప్రశ్నకు, చెవులకు పెట్టుకొనేవారికే అన్నది మా తీర్పు. జతను విడదీసి చెరొకటి పంచుకోవాలని కొందరు సలహా ఇస్తారు. అప్పుడు రెండూ పెట్టెల్లోనే ఉండిపోతాయి. ఈ జవాబును అక్కకు చూపించండి, ఆశ అన్న మాట ఆమె మా మీద వేయవచ్చు.

ప్రశ్న (అనంతపురం): బెంగళూరులో పనిచేసే మా అన్న నిరుడు చనిపోయాడు. వాట్సాప్‌లో ఆయన పంపిన మాటలు రాత్రిళ్లు వినేదాన్ని. మొన్న ఆయన పేరు పక్కన ఎవరిదో పసిబిడ్డ ఫొటో కనిపించింది. ఫోను చేస్తే ఎవరో ఎత్తారు. ఆయన మాటలు కూడా పోతాయా?

జవాబు: పోవు, మీరు జాగ్రత్తపడితే. రీచార్జి లేని నంబరును కంపెనీ ఆపివేసి, ఆ తర్వాత కనీసం 90 రోజుల గడువు దాటాక మరొకరికి ఇవ్వవచ్చు. చాలాకాలం వాడని వాట్సాప్ ఖాతా కూడా తొలగిపోతుంది. మీరు చూసిన బిడ్డ ఫొటో ఆ నంబరు కొత్తగా పొందిన కుటుంబానిది, వాళ్ల తప్పేమీ లేదు. మీ అన్న పంపిన సందేశాలు మాత్రం మీ ఫోనులో ఉన్న మీ సొత్తు.

అయితే అవి ఆ ఒక్క ఫోనుకే కట్టుబడి ఉన్నాయి, అది పడి పగిలితే మాత్రం కష్టం. ఈ రోజే ఆ సంభాషణ తెరిచి, మెనూలోని చాట్ ఎగుమతిని ఎంచుకొని, మీడియాతో సహా మీ మెయిలుకో డ్రైవుకో పంపుకోండి. చాలా పొడవైన సంభాషణ అయితే అన్నీ రాకపోవచ్చు కాబట్టి, ముఖ్యమైన వాయిస్ సందేశాలను ఒక్కొక్కటిగా కూడా విడిగా పంపుకోండి. ఫైళ్ల పేర్లలో తేదీ తప్ప ఏమీ ఉండదు. ‘ఉగాదికి రాలేనని చెప్పింది’, ‘అమ్మకు మందుల గురించి’ అని మీరే పేరు మార్చండి. తర్వాత మీ ఫోనులో ఆ నంబరుకు పెట్టిన అన్న పేరు తీసేయండి. కఠినంగా అనిపించినా, లేకుంటే ప్రతి పండుగకూ ఒక అపరిచితుని ఫొటో అన్న పేరుతో మీకు ఎదురవుతుంది.

ప్రశ్న (ఆదోని): నాయన చెప్పులు, కళ్లజోడు ఇంట్లో ఉంచుకోకూడదని, అరిష్టమని బంధువులు అంటున్నారు. నిజమా?

జవాబు: పోయినవాళ్ల బట్టలు, పడక, చెప్పులు ఇచ్చేయడం చాలా ఇళ్లలో ఆచారం. పాతకాలంలో అంటురోగాల భయం కూడా దానికి తోడై ఉంటుంది. కాని ఇదే మన ఇళ్లలో పండుగకు పెద్దల పేర కొత్తబట్టలు పెట్టి మొక్కుతాం. కాబట్టి పోయినవాళ్ల వస్తువంటే మనవాళ్లకు భయం ఒక్కటే ఉందనలేం. మీ అమ్మగారికి ఏది ఊరటో అది చేయండి. ఆమెకు చెప్పులు చూస్తే దుఃఖం పొంగితే చెప్పులు తీసేయండి, కళ్లజోడు ఉంచండి. బంధువులను అడగవలసిన పని లేదు.

ప్రశ్న (పత్తికొండ): మీ పత్రికలో అందరూ వస్తువుల గురించి రాస్తున్నారు. మాది ఏటా వలస పోయే కుటుంబం. మా అబ్బది (తాతది) ఫొటో లేదు, వస్తువు లేదు. ఉన్న రెండెకరాలు కూడా ఆయనే అమ్మేశాడు. ఏమీ లేనివాళ్లం ఏం దాచుకోవాలి?

జవాబు: ఈ విడత ఉత్తరాల్లో మమ్మల్ని ఎక్కువసేపు ఆలోచింపజేసింది మీది. వస్తువు లేనప్పుడు మన ప్రాంతంవాళ్లు పేరును పట్టుకొన్నారు. దత్తమండలాలకు కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1827 జులై 6న మీ పత్తికొండలోనే కలరాతో చనిపోయాడు. ఆయన వస్తువేదీ దక్కని రైతులు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు. తెల్లదొరకే అది జరిగినప్పుడు మీ అబ్బ పేరు మనవనికి పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు, మీరు ఇప్పటికే పెట్టుకొని ఉంటారు కూడా.

అయితే ఏమీ లేదన్న మాటను మేము అంత సులభంగా ఒప్పుకోవడం లేదు. బీదవాని ఆనవాలు ఇంట్లో కంటే కచేరీల్లో ఎక్కువగా మిగులుతుంది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో మొదలైంది. అప్పటికి మీ అబ్బ బ్రతికి, పనికి పోయి ఉంటే జాబ్‌కార్డు మీద కుటుంబంతో పాటు ఆయన ఫొటో ఉండే అవకాశం ఉంది. పాత రేషన్ కార్డు, పింఛను పుస్తకం, ఓటరు గుర్తింపు కార్డు, పట్టాదారు పాస్‌పుస్తకం వెతకండి; ఇంట్లో లేకపోతే గ్రామ సచివాలయంలో అడగండి. బొమ్మ తపాలాబిళ్ల అంతే ఉన్నా ఫొటోగ్రాఫరు దాన్ని పెద్దది చేయగలడు.

అన్నిటికంటే ముందు ఆ రెండెకరాల సంగతి చూడండి. అమ్మకం రిజిస్టరు అయి ఉంటే ఆ దస్తావేజు మీద మీ అబ్బ వేలిముద్రో సంతకమో ఉండి తీరాలి. అసలు దస్తావేజు భూమి కొన్నవాళ్ల దగ్గర ఉంటుంది. వివాదమేమీ లేదని, ముద్రను ఫొటో తీసుకోవడానికేనని ఊరి పెద్ద ఒకరిని వెంటబెట్టుకొని అడిగితే సాధారణంగా కాదనరు. వాళ్లు ఇవ్వకపోతే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో రుసుము కట్టి నకలుకు దరఖాస్తు చేసుకోవచ్చు. కంప్యూటర్లు వచ్చిన తర్వాత రిజిస్టరైన దస్తావేజులను స్కాను చేసి ఉంచుతారు గనుక ఆ నకలులో వేలిముద్ర కనిపిస్తుంది. అంతకు ముందువైతే చేతిరాత నకలే వస్తుంది, అప్పుడు కొన్నవాళ్ల దగ్గరున్న అసలు కాగితమే దిక్కు. దరఖాస్తుకు గ్రామం, సర్వే నంబరు, ఉజ్జాయింపు సంవత్సరం కావాలి. సర్వే నంబరు తెలియకపోతే పక్క పొలం రైతు పాస్‌పుస్తకం చూసి పట్టుకోవచ్చు.